నోరెక్కువ కప్తాన్

మొన్నామధ్య కాంటా దగ్గర ఒక రైతు బండి దింపిస్తుంటే రాజన్న వచ్చి నా పక్కన నిలబడ్డాడు. దూదిని నొక్కి బేళ్లు కట్టే ప్రెస్సు నడిచే వేళ అతడు బయటికి రాడు. తూకం చెప్పడం అయ్యాక తలెత్తి చూశాను. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కలిపి, లేని దూదిని లాగుతున్నట్టు రెండుసార్లు కదిలించాడు. తర్వాత చెయ్యి వదిలేశాడు.

"బోథ్ నుంచి మనిషి వచ్చిండు," అన్నాడు.

ఎవరి కబురో అడగనక్కర్లేదు. ఆ వేళ్ల కదలిక మా మిల్లులో ఒక్కరిదే.

ఆయన పేరు రాసినా ఆదిలాబాద్‌లో గుర్తుపట్టేవాళ్లు తక్కువ. అందరికీ ఆయన కప్తాన్. ఫుట్‌బాల్ అంటే ఏమిటో తెలియని కూరగాయల అవ్వలు కూడా "కప్తాన్, వంకాయలు లేతగున్నయి, చూడు" అని పిలిచేవాళ్లు. ఆయన ఆగి, ఒక వంకాయ తీసి, అలవాటుగా రెండువేళ్ల మధ్య నలిపేవాడు. "కప్తాన్, గిది పత్తి గాదు!" అని అవ్వ అరిచేది. ఆయన ఆ వంకాయ కొనుక్కుని పోయేవాడు.

మా జిన్నింగ్ మిల్లులో ఆయన పని పత్తి చూడడం. రైతుల బండ్లు వరుసగా నిలబడితే ఆయన ఒక్కో బండి దగ్గరికి వెళ్లి, పైన కనిపించే పత్తిని ముట్టుకోకుండా, మోచేతి దాకా చెయ్యి లోపలికి దూర్చి గుప్పెడు తీసేవాడు. దాన్ని వేళ్లతో సాగదీసి పింజ ఎంత పొడుగుందో, ఎంత లాగితే తెగుతుందో చూసేవాడు. పింజ బాగా కనబడాలంటే వెనక నలుపు ఉండాలి. అందుకని ఎండాకాలంలో కూడా నల్లకోటు వేసుకునేవాడు. ఎడమచెయ్యి ముంజేతి మీద దూది పరిచి చూసీ చూసీ ఆ కోటు ఎడమ చెయ్యి తెల్లబడిపోయింది. కుడి చెయ్యి నల్లగానే ఉండేది. దూరం నుంచి చూస్తే రెండు కోట్లు సగం సగం కలిపి కుట్టినట్టుండేది.

మనుషుల్ని కూడా అట్లాగే చూసేవాడు. పనికోసం కొత్తగా ఎవరైనా వచ్చి నిలబడితే ఆయన వేళ్లు వాటంతటవే కదిలేవి. ఆ తర్వాత అడిగేవాడు: "బాలు తంతవా?"

మిల్లులో పని దీపావళికి మొదలై ఉగాది ముందు అయిపోతుంది. గింజ తీసే జిన్నులు ఆగితే కూలీలు ఎవరి ఊళ్లకు వాళ్లు పోతారు. మళ్లీ దీపావళికి ఎవరిని పిలవాలో మేస్త్రీలు చెప్తారు. మా మిల్లు ఫుట్‌బాల్ జట్టు కాలమూ అదే. దీపావళికి బంతికి గాలి కొట్టేవాళ్లం, హోళీ అయ్యాక తీసేసేవాళ్లం. జట్టులో ఆడేవాడికి ప్రెస్సు గదిలో నీడపట్టున పని దొరికేది. అందువల్ల కప్తాన్ ఒక మనిషితో "దీపావళికి రా" అంటే జట్టులో చోటుతో పాటు అయిదు నెలల తిండి కూడా అందులో ఉండేది.

ఆయన సెంటర్ హాఫ్. మైదానం నడుమ నిలబడి, పదిమందినీ తిడుతూ ఆడేవాడు. ఆయన గొంతు మిల్లు సైరన్‌కు పోటీ.

"ఖాదర్, ఎడమకు పో! ఎడమకు అంటే నీ ఎడమకు, నాది గాదు!"

ఖాదర్ మా ఇంజన్ నడిపేవాడు, సెంటర్ ఫార్వర్డ్. గోలు కొట్టడంలో వాడిని మించినవాడు జిల్లాలో లేడు. కప్తాన్ అరుపులకు అలాగే పరుగెత్తుతూ జవాబు చెప్పేవాడు: "కప్తాన్, నువ్వు ఒక్క నిమిషం నోరు మూస్తే నేను ఒక గోలు ఎక్కువ కొడ్త!"

"నేను నోరు మూస్తే నువ్వు నిలబడి నిద్రపోతవు!"

నేను కూడా మొదటి ఏడు ఆడాను. మోకాలు తిరిగిపోయింది. తర్వాత గీత పక్కన నిలబడి లెక్కపెట్టేవాణ్ని. నేను బడికి పోయినవాణ్ని కాదు. రాతా లెక్కా కాంటా దగ్గర బస్తాలు ఎత్తుతూ నేర్చుకున్నాను. ఒకసారి నేర్చుకున్నాక దేన్నీ లెక్కపెట్టకుండా ఉండలేకపోయాను. మ్యాచ్ నడుస్తుంటే కుడిజేబు నిండా చింతగింజలు పోసుకుని, మావాళ్లు గోలు వైపు తన్నినప్పుడల్లా ఒక గింజ ఎడమ జేబులోకి మార్చేవాణ్ని. ఒకనాడు కప్తాన్ అది చూశాడు.

"ఏం లెక్క పెడ్తున్నవ్ రా?"

"మనోళ్లు కొట్టినయి."

"కొట్టినయి లెక్క పెడితే ఏం ఫాయిదా? అవి అందరు చూస్తరు. మననుంచి తప్పించుకొని పోయినయి లెక్క పెట్టు. నడుమకెల్లి బాలు మన గోలు దిక్కు ఎన్నిసార్లు పోయిందో గది చూడు."

ఆ రోజు నుంచి అదే లెక్కపెట్టాను. ఆయన మళ్లీ ఆ లెక్క అడగలేదు. నేనూ చెప్పలేదు. మ్యాచ్ అయ్యాక గింజలు కుడిజేబులోకి పోసుకునేవాణ్ని.

జట్టు ఆఖరి మ్యాచ్ అయిన మర్నాడు పొద్దున, గెలిచినా ఓడినా, ప్రెస్సు గది వెనక ఖాళీ జాగాలో అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టేవాడు. ముందు తిండి. కప్తాన్ భార్య జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం గంపలో తెచ్చేది. ఆకలి మీద ఉన్నవాడి మాట ఆయన వినేవాడు కాదు. "ఇంకో రొట్టె తిను, అప్పుడు చెప్పు" అనేవాడు. తిన్నాక బంతి తాడు విప్పి, గాలి వదిలి, లోపలి రబ్బరు బ్లాడరు తీసేవాడు. మెత్తగా వాలిపోయిన ఆ తోలు మాత్రం చేతికి తీసుకునేవాడు. ఆ తోలు ఎవరి చేతిలో ఉంటే వాడే మాట్లాడాలి. ముందు తన లోపం తను చెప్పుకోవాలి. తర్వాత తన ఎడమపక్క మనిషి బలం చెప్పి, తోలు వాడికి ఇవ్వాలి. పక్కవాడి లోపం చెప్పడానికి వీల్లేదు. ఎవరైనా నోరు జారితే ఆయన వేలు చూపించి, "నీది చెప్పు, నీది" అనేవాడు.

మొదలు ఆయనతోనే. ప్రతి ఏడూ ఒకే మాట.

"నా లోపం, నాకు నోరు ఎక్కువ."

అందరం నవ్వేవాళ్లం. ఆ నవ్వుతో బిగుసుకుపోయినవాళ్లు కాస్త సడలేవాళ్లు. తర్వాత మాటలు వచ్చేవి. "నాకు హెడ్డింగ్ అంటే భయం." "నేను కుడికాలుతో తప్ప తన్నలేను." మగవాళ్లు అంతమంది తమ లోపాలు తాము చెప్పుకోవడం నేను ఇంకెక్కడా చూడలేదు.

రాజన్న జట్టులోకి వచ్చింది హైదరాబాద్ స్టేట్ చివరి రోజుల్లో. చొప్పదండి వైపు సాలెల కుటుంబం. నూలు దొరక్క ఇంట్లో మగ్గం ఆగిపోతే, తల్లిని ఊళ్లో విడిచి మిల్లుకు వచ్చాడు. పొడగరి, సన్నవాడు, మాట తక్కువ. గేటు దగ్గర కప్తాన్ వాడి చేతులు పట్టుకుని తిప్పి చూశాడు.

"మగ్గం మీద నాడె ఇసిరిన చేతులు. ఇటు ఇసిరి అటు పట్టుకుంటడు. ఇంకేం గావాలె? గోల్ల నిలబెట్టుండ్రి."

అందరికీ సబబుగా తోచింది. సాలెవాడంటే చేతులు. గోలు కాసేవాడికి కావలసింది చేతులు. ఎవరం ఇంకో మాట అనలేదు. ఆ ఏడు రాజన్న మా గోల్‌కీపర్.

ఆ ఏడే మేము జిల్లా పోటీల్లో ఫైనల్ దాకా పోయాం. ఆసిఫాబాద్ మైదానం, ఎదురు బొగ్గుగనుల జట్టు. హాఫ్ టైంకు మేము రెండు గోల్స్ ముందున్నాం. రెండూ ఖాదర్ కొట్టినవే. రెండో సగంలో వాళ్లూ రెండు కొట్టి సమం చేశారు. ఆఖర్న మూడోది నేలమీద నెమ్మదిగా దొర్లుతూ వచ్చి రాజన్న కాళ్ల మధ్య నుంచి పోయింది. మైదానమంతా నవ్వింది. మావాళ్లు ఎక్కడివాళ్లు అక్కడ నేల చూస్తూ నిలబడ్డారు.

తిరుగు ప్రయాణం పత్తిగింజల లారీలో. ఖాదర్ ఊరుకోలేదు.

"అరె భాయ్, ఆ బాలు ఎంత నెమ్మదిగ వచ్చిందో ఎరికేనా? మా నానమ్మ కర్ర పట్టుకొని వచ్చి ఆపేది."

రాజన్న లారీ అంచు వైపు తిరిగి కూర్చున్నాడు.

"మగ్గం గుంటల కూసోని ఉన్నవనుకున్నవా? కాళ్లు దూరం దూరం పెట్టుకొని?"

నలుగురు నవ్వారు. కప్తాన్ డ్రైవర్ పక్కన కూర్చుని ఉన్నాడు. ఆయనకు వినిపించలేదు. లారీ దిగాక రాజన్న నా దగ్గరికి వచ్చి అన్నాడు: "అన్నా, రేపు కూలి తీస్కొని పోత. ఇంక పిలవరు. మా అవ్వకు ఏం చెప్పాల్నో సోచాయిస్తున్న."

"రేపు కూసుండుడు ఉన్నది గద. అది అయినంక పో," అన్నాను.

"అండ్ల ఏమంటరు నన్ను?"

"ఎవ్వలు ఏమనద్దు. నీది నువ్వే చెప్పాలె."

"చెప్పేది ఏమున్నది? అందరు చూసిన్రు."

మర్నాడు పొద్దున రొట్టెలు తింటుంటేనే వాతావరణం బాగా లేదని తెలిసింది. రాజన్న చివర కూర్చున్నాడు. అతనికి అటూ ఇటూ మనిషి పట్టేంత ఖాళీ. ఎవరూ ఖాళీగా ఉంచాలని ఉంచలేదు, అట్లా కూర్చున్నారంతే. కప్తాన్ తింటూ అది చూశాడు. తిన్నాక లేచి, ఒక్కొక్కరి భుజం పట్టి జరిపాడు. రాజన్నను తన కుడిపక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఖాదర్‌ను రాజన్నకు కుడిపక్కన. ఖాదర్ మొహం మాడిపోయింది. లెక్క ప్రకారం రాజన్న బలం చెప్పాల్సింది ఇప్పుడు వాడే.

గాలి తీశాడు. తోలు చేతికి తీసుకున్నాడు.

"నా లోపం, నాకు నోరు ఎక్కువ."

ఎవరూ నవ్వలేదు.

మేము నవ్వుతామేమో అని చూశాడు. ఒకడు నేల మీద పుల్లతో గీస్తున్నాడు. ఒకడు కాలి బొబ్బ గిల్లుకుంటున్నాడు. ఆయన చుట్టూ ఉన్న పదిమంది మొహాలనూ ఒక్కొక్కటిగా చూశాడు. కోటు ఎడమ ముంజేతి మీద తోలు పెట్టుకుని, పైనుంచి కింది దాకా దాన్ని సాపు చేశాడు.

"ఈసారి పద్ధతి మారుస్త," అన్నాడు. "నాది నేను సరిగ చెప్పలే. మీరు చెప్పుండ్రి."

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"చెప్పుండ్రి. ఇన్నేండ్లు నేను చెప్పింది మీరు విన్నరు గద."

"కప్తాన్, గది పద్ధతి గాదు," అన్నాడు ఖాదర్. "పక్కోని లోపం చెప్పొద్దని నువ్వే అన్నవ్."

"అన్న. ఈ ఒక్కపొద్దు చెప్పుండ్రి అంటున్న."

అప్పుడాయన నా వైపు తిరిగాడు.

"నీ జేబుల చింతగింజలున్నయా, పారేసినవా?"

"ఉన్నయి."

"నిన్న ఎన్ని?"

కాంటా దగ్గర ఎవరి బస్తా అయినా ముల్లు ఎక్కడ ఆగితే అదే చెప్పడం నా పని. ఎవరి బస్తానో చూసి ముల్లు జరగదు. అయినా ఆయన మొహం చూస్తూ చెప్పడం కష్టమయింది. నేల చూస్తూ చెప్పాను.

"మొదటి సగంల ఆరు. రెండో సగంల ఇరవై మూడు."

"ఏమి ఇరవై మూడు? అందరికి సమఝయ్యేటట్టు చెప్పు."

"నడుమకెల్లి బాలు మన గోలు దిక్కు పోయింది. నువ్వు వెనక్కి తిరిగి అందుకోలేదు, కప్తాన్."

"నిన్న ఒక్కదినమేనా?"

"ఏడాదంత. మనమీద పదకొండు గోల్స్ పడ్డయి. రెండు మొదటి సగంల. తొమ్మిది రెండో సగంల."

ఆయన వేళ్లు కదలడం మొదలైంది. బొటనవేలూ చూపుడువేలూ, ఏమీ లేని చోట ఏదో సాగదీస్తూ. కోపం వస్తుందేమో అనుకున్నాను. ఆయనకు కోపం తొందర. ఒకసారి బంతి బావిలో పడేశాడని ఒకడిని వారం రోజులు మైదానం దరిదాపుకు రానివ్వలేదు.

"అంటే," అన్నాడు చివరికి, "గోల్ల పడ్డ బాలు, గోల్ల పడకముందే నా దగ్గర పడ్డది."

రాజన్న తలెత్తి ఆయన్ను చూశాడు. ఆ పొద్దున అతను తలెత్తడం అదే మొదలు.

"నాకు నలభై దాటినయి. పింజ కురచైంది," అన్నాడు కప్తాన్. బండి దగ్గర నిలబడి పత్తి సంగతి తేల్చే గొంతుతోనే అన్నాడు. "ఎవ్వలకు తెలువదు గిది? మీకందరికి ఎరికే. నాకు తప్ప."

"జానేదో కప్తాన్," అన్నాడు ఖాదర్ మెల్లగా. "నిన్న ఎండ ఎక్కువున్నది."

"ఎండ వాళ్లకు లేదా?"

కప్తాన్ భార్య గంప పక్కన కూర్చుని వింటోంది. "కురచ పింజను పారేస్తరా?" అని అక్కడి నుంచే అడిగింది.

"పారెయ్యరు," అన్నాడు. "బేలు మారుస్తరు. నూలుకు పోకుంటె బొంతలకు పోతది." తర్వాత మాకేసి తిరిగాడు. "నా కాళ్లు లెక్కల నుంచి తీసేయుండ్రి. ఇంకేం మిగిలింది?"

"నోరు," అన్నాడు ఎవడో.

అప్పుడు నవ్వారు. ఆయనా నవ్వాడు. నవ్వుతూనే రాజన్న వైపు తిరిగాడు.

"నువ్వు మగ్గం మీద ఎప్పటిసంది కూసుంటున్నవ్ రా?"

"చిన్నప్పటిసంది."

"చేతులతోని ఏం చేస్తవ్?"

"నాడె ఇసుర్త."

"కాళ్లతోని?"

రాజన్నకు ప్రశ్న అర్థం కాలేదు. అది అడగవలసిన ప్రశ్న అని వాడికి అనిపించలేదు. "గుంటల చెక్కలు తొక్కుత. ఒకటి తొక్కితే ఒకటి లేస్తది. పొద్దంత తొక్కాలె. చూడకుంట తొక్కాలె. కండ్లు పోగుల మీద ఉంటయి గద."

కప్తాన్ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"పొద్దంత. చూడకుంట." మా అందరికేసి చూశాడు. "మనం వాని చేతులే చూసినం. పైన కనబడ్డ పత్తి చూసి బండి కొన్నం. నేను! చెయ్యి లోపల పెట్టకుంట!"

ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో ఉన్న సిగ్గు కాళ్ల గురించి మాట్లాడినప్పుడు లేదు. వయసు రావడం ఆయన తప్పు కాదు. పత్తి చూడడంలో పొరపాటు మాత్రం ఆయనదే.

లేచి నిలబడ్డాడు. "వచ్చే ఏడు నడుమ రాజన్న. గోల్ల నేను."

"నువ్వు గోల్లనా?" అన్నాడు ఖాదర్. "కప్తాన్, వెనక నిలబడి నువ్వు మొత్తుకుంటుంటే మేము చెవులల్ల దూది పెట్టుకోవాలె."

"మిల్లుల దూదికేం కొదవ? పెట్టుకో. నడుమ నిలబడితే నాకు సగం మైదానం కనబడదు. వెనకకెల్లి అంతా కనబడ్తది. ఎవడు ఎటు పోవాల్నో చెప్త. కాళ్లు పనిజేయకుంటె నోరు పనిజేస్తది."

మళ్లీ కూర్చుని తోలు ఎడమపక్క వాడికి ఇచ్చాడు. తోలు గుండ్రంగా తిరిగింది. అన్ని సంవత్సరాల్లో అంత నిజంగా మాట్లాడిన పొద్దు ఇంకోటి లేదు. కప్తాన్ అంతటివాడు తన కాళ్లు లెక్కలో నుంచి తీసేయమన్నాక, మిగతావాళ్లకు దాచుకోవడానికి ఏం మిగిలింది? తిరిగి తిరిగి తోలు ఖాదర్ చేతికి వచ్చింది.

"నా లోపం..." అని ఆగాడు. "గోలు కొట్టినంక నేను వెనక్కి రాను. నా పని అయిపోయిందనుకుంట."

"ఇంకోటి," అన్నాడు కప్తాన్.

"ఒకటి చెప్తే చాలదా?"

"లారీల నువ్వేమన్నవో పొద్దుగాల వెనకున్న క్లీనర్ చెప్పిండు."

ఖాదర్ తోలు అటూ ఇటూ తిప్పాడు. "ఇంకోటి, నా నోరు. అది నీదగ్గర నేర్చుకున్నదే." తర్వాత రాజన్న వైపు తిరిగాడు. "వీని బలం చెప్పాలె. చెప్త. మూడో గోలు పడ్డంక మేమంత నేల చూస్కుంట నిలబడ్డం. నేను సుత. వీడు లోపలికి పోయి బాలు తీస్కొని, అందరు నవ్వుతుంటె, ఉర్కుకుంట సెంటర్‌కు తెచ్చి పెట్టిండు. ఇంక ఆట ఉన్నదని వీనికొక్కనికే యాదికున్నది."

తోలు రాజన్న ఒళ్లో పెట్టాడు. పెట్టిన చెయ్యి కాసేపు అక్కడే ఉంచాడు.

"నా లోపం," అన్నాడు రాజన్న, "కాళ్లు దగ్గరికి పెట్టలే."

"గింతేనా?"

"గింతే."

"ఇంక నా బలం చెప్పు," అన్నాడు కప్తాన్. గుండ్రంలో ఆఖరి మనిషి చెప్పాల్సింది అదే.

రాజన్న నోరు తెరిచాడు, మూశాడు. తోలు గట్టిగా పట్టుకున్నాడు. చివరికి అన్నాడు:

"దీపావళికి చెప్త."

కప్తాన్ వాడిని చూశాడు. వేళ్లు ఒక్కసారి కదిలి ఆగాయి.

"అంటే వస్తవన్నట్టు."

రాజన్న దీపావళికి తిరిగి వచ్చేసరికి మా రాష్ట్రం పేరే మారిపోయింది. మిల్లు గేటు మాత్రం అదే, ప్రెస్సు గది అదే. నడుమ రాజన్న నిలబడ్డాడు. మొదటి మ్యాచ్‌లో రెండుసార్లు బంతిని చేత్తో పట్టుకున్నాడు, పాత అలవాటు. మూడో మ్యాచ్ నాటికి వాడిని దాటి పోవడం ఎవరికైనా కష్టమైంది. బంతి మీద చూపు లేకుండా, ఎదుటివాడి మొహం చూస్తూ తన్నేవాడు. వెనక నుంచి కప్తాన్ గొంతు: "రాజన్నా, కుడికి! ఖాదర్, వెనక్కి రా! రా అంటున్న, నువ్వు మళ్ల నిద్రపోతున్నవ్!" ఖాదర్ నిజంగానే ఒక మ్యాచ్‌కు చెవుల్లో దూది పెట్టుకుని వచ్చాడు. అది తీసేదాకా కప్తాన్ ఆట మొదలుపెట్టనివ్వలేదు.

ఆ ఏడు కూడా ఫైనల్ ఓడిపోయాం. ఒక్క గోలు తేడా. నా ఎడమజేబులో ఏడు గింజలు. మర్నాడు రొట్టెలు తిన్నాక కప్తాన్ మొహం మీది గీరుకుపోయిన గాయం తడుముకుంటూ తోలు చేతికి తీసుకుని, "నా లోపం, నాకు నోరు ఎక్కువ" అన్నాడు. ఖాదర్ అందరికన్నా ముందు నవ్వాడు. కప్తాన్ ఊరికే ఉండక నా వైపు తిరిగి, "ఏడు గింజలల్ల నోటితోని ఆపగలిగినయి ఎన్ని?" అని అడిగాడు. అది నేను లెక్కపెట్టలేదు. "వచ్చే ఏడు పెట్టు" అన్నాడు. పెట్టాను. ఆ పై ఏడు గెలిచాం. ఆ సంగతి అందరికీ తెలుసు కనుక రాయను.

తోలు ఆఖర్న రాజన్న చేతికి వచ్చినప్పుడు, "నా బలం?" అని కప్తాన్ అడగడం, "దీపావళికి చెప్త" అని వాడనడం, "అంటే వస్తవన్నట్టు" అని ఆయననడం ఏటేటా జరిగింది. మొదట్లో వాడు నిజంగానే చెప్పలేకపోయాడు. తర్వాత చెప్పదలచుకోలేదు. చెప్పకుండా ఉంచుకున్నంత కాలం పిలుపు ఉంటుందని అనుకున్నాడో, లేక కప్తాన్‌కు ఆ జవాబే ఇష్టమని గ్రహించాడో, నాకు తెలియదు. కప్తాన్ ఆట పూర్తిగా మానేసి బోథ్‌లో సొంతూరికి పోయాక కూడా, జట్టు ఆఖరి మ్యాచ్ మర్నాడు బస్సెక్కి వచ్చి ఆ గుండ్రంలో కూర్చునేవాడు. అప్పటికి రాజన్నే కప్తాన్. కాని ఆ మాటతో వాడిని ఎవరూ పిలవలేదు.

ఈ ఏడు ఆయన రాలేకపోయాడు. మేము సెమీఫైనల్లోనే ఓడిపోయాం. ఓడిన మర్నాడు గుండ్రం జరగలేదు. ఆయన మంచం పట్టాడని తెలిసి, లేచాక కూర్చుందామని ఆగాం. ఈలోగా మేనేజర్ బంగళాలో మాట నడుస్తోందని విన్నాం. జట్టు వల్ల మిల్లుకు ఏం లాభం, వచ్చే ఏడు ప్రెస్సు గదిలో పనులు అందరికీ సమానంగా ఇద్దామని. జట్టులో కొత్తగా చేరినవాళ్లు కూడా "ఎందుకన్నా, ఎట్లాగూ ఓడుతున్నం" అనడం మొదలుపెట్టారు. ఆయన ఇక లేవలేదు, బోథ్ మనిషి తెచ్చిన కబురు అదే.

బోథ్‌కు ఆయన దినాల రోజున పోయాం. పాతవాళ్లం, కొత్తవాళ్లం కలిసి పద్నాలుగు మందిమి. వాకిట్లో అందరం తిన్నాక ఆయన భార్య లోపలికి వెళ్లి తోలు పట్టుకుని వచ్చింది. అది ఆ మొదటి ఫైనల్ బంతి తోలు. ఆయన అడిగి తెచ్చుకుని దాచుకున్నదట. నల్లకోటు దాని కింద మడిచి ఉంది. ఎడమ చెయ్యి పైకి, తెల్లగా.

"మీరు ఈ ఏడు కూసోలేదని పడుకొని గుడ ఒకటే లొల్లి," అంది. "'ఓడినోళ్లు కూసోకుంటె ఎట్లనే, ఓడినోళ్లు కూసోకుంటె ఎట్లనే' అని. ఆ నోరు ఆఖరిదాక ఆగలే. కూసోండ్రి ఇగ."

కూర్చున్నాం. ఖాదర్‌కు గడ్డం నెరిసింది. తోలు వాడే ముందు తీసుకున్నాడు. "నా లోపం, కప్తాన్ మొత్తుకోకుంటె నాకు ఆట తెలుస్తలేదు" అన్నాడు. కొత్తవాళ్లు మొదట సిగ్గుపడ్డారు, తర్వాత చెప్పారు. గోలు కాసే కుర్రవాడు తన తప్పు చెప్తూ ఏడ్చాడు. వాడి బలం చెప్పాల్సినవాడు చాలాసేపు వెతికి, చెప్పాడు. అట్లా గుండ్రం దాదాపు నిండింది. కప్తాన్ ఎప్పుడూ కూర్చునే చోట ఆయన భార్య కూర్చుంది. ఆమె కుడిపక్కన రాజన్న. తోలు వాడి చేతికి వచ్చింది. రాజన్న తన లోపం చెప్పాడు, మేనేజర్ ముందు జట్టు కోసం నోరు తెరవలేకపోతున్నానని. రేపు తెరుస్తానని కూడా అన్నాడు. అది లోపంలోకి రాదు, అయినా అన్నాడు.

ఆమె వాడి వైపు తిరిగింది.

"ఆయన బలం చెప్త చెప్త అని ఇన్నేండ్లు దాటేసినవ్ గద బిడ్డా. ఇప్పుడన్న చెప్పు."

రాజన్న తోలు మీద కుట్లు ఒక్కొక్కటి వేలితో తడిమాడు. తర్వాత తలెత్తాడు.

"దీపావళికి చెప్త అవ్వా."

ఆమె కళ్లు తుడుచుకుంది.

"అంటే వస్తవన్నట్టు," అంది. వాడి చేతుల్లోంచి తోలు తీసుకుని, ఎడమపక్కన కూర్చున్న నాకు ఇచ్చింది.

నా లోపం చెప్పడం మొదలుపెట్టాను.